కండెన్సర్లు మార్చడం బాగుచేయడం కాదు మహాప్రభో!

ముందే చెప్తున్నా, ఈ టపా కొంతమంది మిత్రులకి నచ్చదు. ముఖ్యంగా శని ఆదివారాలు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని పాత యాంప్లిఫయర్లకి "అప్‌గ్రేడ్" చేసే మన సాఫ్ట్‌వేర్ సోదరులకి. తిట్టండి, పర్లేదు. కానీ పూర్తిగా చదివి తిట్టండి.

నేనుండేది మోకిలలో. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ ప్లాట్ల వేలం వేసినప్పుడు పేపర్లలో మోగిపోయిన మోకిలే. ఇక్కడ విల్లాల్లో ఉండేది చాలామంది మన బాపతే. ఇంటికొక హోమ్ థియేటర్ గది, అందులో ఈమధ్య కొత్తగా ఒక టర్న్‌టేబుల్. మా ఇంటికొచ్చిన ప్రతివాడూ నా పాత యాంప్లిఫయర్ చూసి అడిగే ప్రశ్న ఒక్కటే. "ఫోనో ప్రీయాంప్‌లో ఏ కండెన్సర్ వేశావ్? ఫలానా జపాన్ కంపెనీదా, ఫలానా జర్మనీ కంపెనీదా?" ఇప్పటిదాకా ఒక్కడంటే ఒక్కడు కూడా "ఆర్ఐఏఏ కర్వ్ ఎంత తేడాతో వస్తోంది?" అని అడగలేదు. నా బాధంతా అదే.

సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రికార్డు కోసేటప్పుడు పాటని ఉన్నదున్నట్టు కోయరు. బాస్ తగ్గిస్తారు, లేకపోతే గాడి వంకరలు పోయి పక్క గాడిని తగుల్తుంది. ట్రెబుల్ పెంచుతారు, లేకపోతే ప్లేటు బరబరలో కలిసిపోతుంది. వినేటప్పుడు దాన్ని సరిగ్గా తిరగెయ్యాలి. 1954 నుంచి ఈ లెక్కకి ఆర్ఐఏఏ అని పేరు. మూడు టైమ్ కాన్‌స్టెంట్లు: 3180, 318, 75 మైక్రోసెకన్లు. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19.3 డీబీ ఎక్కువ, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 19.6 డీబీ తక్కువ ఇవ్వాలి. ఈ చివరికీ ఆ చివరికీ దాదాపు 88 రెట్ల తేడా అన్నమాట. దీనితోపాటు కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే నాలుగైదు మిల్లీవోల్టుల్ని ఓ వంద రెట్లు పెంచాలి. ఇంత పనీ చేసేది ఆ బుజ్జి ప్రీయాంపే.

మన భాషలో చెప్పాలంటే ఇది డీకోడర్. యూనికోడ్ రాకముందు ఈనాడు సైటుని ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే ఎలా ఉండేదో గుర్తుందా? అక్షరాలన్నీ ఉండేవి, ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అప్పుడు "వార్త పాడైపోయింది" అని ఎవడైనా అన్నాడా? ఫాంటు లేదన్నాం. రికార్డుల దగ్గరికొచ్చేసరికి మాత్రం "ప్లేటు అరిగిపోయింది" అనేస్తాం. ఎందుకంటే ప్రీయాంప్‌ని అనుమానించాలన్న ఊహే రాదు.

నాకూ రాలేదు. ఆ కథ చెప్తా.

నా యాంప్లిఫయర్ మా పెద్దనాన్నగారిది, 1970ల నాటిది. అందులో ఫోనో సెక్షన్ రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్. ఆ రోజుల్లో ప్రపంచమంతా వాడిందే. రెండు బీసీ 149లు, 24 వోల్టుల సప్లై. మొదటిదాని కలెక్టర్ నుంచి నేరుగా రెండోదాని బేస్‌కి. రెండోదాని కలెక్టర్ నుంచి వెనక్కి, మొదటిదాని ఎమిటర్‌కి ఫీడ్‌బ్యాక్. ఆ ఫీడ్‌బ్యాక్ దారిలోనే రెండు రెసిస్టర్లు, రెండు కండెన్సర్లు. ఆర్ఐఏఏ అంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంటుంది.

నా బోర్డు మీద అవి 212 కె, 15 నానోఫారడ్లు పక్కపక్కన ఒక జత. 18 కె, 4.17 నానోఫారడ్లు ఇంకో జత. జతలు రెండూ సీరీస్‌లో. (212 కె అంటే 200 కె, 12 కె కలిపి. 4.17 అంటే 3.9 నానోకి 270 పీకో పక్కన పెట్టి. పాతకాలం మేస్త్రీల ఓపిక చూశారా!) కింద ఎమిటర్‌లో 220 ఓమ్‌లు. గుణించి చూడండి. 212 కె, 15 నానో... 3180 మైక్రోసెకన్లు. 18 కె, 4.17 నానో... 75. ఇక 318 రావాలంటే రెండు రెసిస్టర్ల నిష్పత్తి 11.78 ఉండాలి, కండెన్సర్ల నిష్పత్తి 3.6 ఉండాలి. అవీ సరిపోయాయి. అంటే ఎవరో మహానుభావుడు కూర్చుని లెక్కకట్టి చేశాడు.

నేనేం చేశాను? "పాత కండెన్సర్లు కదా, బాగోవు" అని నెట్‌లో చదివి, పేరున్న విదేశీ ఫిల్మ్ కండెన్సర్లు తెప్పించాను. ఒక్కోటి ఎంతో చెప్తే మా ఆవిడ ఇది చదివే ప్రమాదం ఉంది :) ఆ సీరీస్‌లో 15 నానో స్టాకు లేదు, 10 నానో ఉంది. "అంత ఖరీదైన కండెన్సర్, ఆమాత్రం తేడాకి ఏమవుతుందిలే" అనుకుని 10 వేసేశాను. ఇంజనీరునట నేను!

వింటే గొంతులు నిండుగా, బరువుగా వినిపించాయి. నలుగురు మిత్రులు విని "అబ్బ, ఎంత వార్మ్‌గా ఉందిరా, ఇదీ అనలాగ్ అంటే" అన్నారు. నేను కాలరెగరేశాను.

తర్వాత నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. తనతోపాటు ప్లేట్ల పెట్టె కూడా తెచ్చారు. అందులో 1974లో ఘంటసాల పోయిన తర్వాత వచ్చిన భగవద్గీత ఎల్పీ ఉంది. పెట్టి వినిపించాను. ఓ రెండు శ్లోకాలు విన్నారు, ఏమీ అనలేదు. మూడో శ్లోకానికి "ఏరా, కుండలో తల పెట్టి పాడుతున్నట్టుందేమిట్రా ఆయన?" అన్నారు. నేను "పాత రికార్డు కదా నాన్నా, అరిగిపోయుంటుంది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "అవునులే, నేనే అరగదీశాను" అన్నారు. పెట్టెలో అడుగున నాటక పద్యాల 78 ప్లేట్లు కూడా ఉన్నాయి. అవి ఇంకా అధ్వాన్నంగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపించాయి. "ఇవి కూడా పోయాయిరా. ఎందుకీ బరువు?" అని మర్నాడు ఆయనే వాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. నేను ఆపలేదు. పద్దెనిమిది ప్లేట్లు.

ఎల్పీలు మాత్రం అటక మీద మిగిలాయి. ఆరు నెలల తర్వాత, వేరే పని మీద కొత్త యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్నప్పుడు, సరదాకి ప్రీయాంప్‌ని కొలిచాను. కొలవడం ఏమంత కష్టం కాదు. పైథాన్‌లో ఓ ముప్పై లైన్లు. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా ఒక స్వీప్ తయారుచేసి, దానికి ఆర్ఐఏఏని తలకిందులు చేసి వేసి, రెండు రెసిస్టర్లతో వెయ్యో వంతుకి తగ్గించి ప్రీయాంప్‌లోకి పంపాను. బయటికొచ్చింది రికార్డు చేస్తే బల్లపరుపు గీత రావాలి. వచ్చిందా? 100 నుంచి 400 హెర్ట్జ్ దాకా రెండున్నర, మూడు డీబీల గుట్ట లేచి ఉంది. 5 కిలోహెర్ట్జ్ దగ్గర చూస్తే ఒక్క డీబీయే. మగవాడి గొంతు అడుగుభాగం ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడే గుట్ట. నా "వార్మ్" అది. ఘంటసాల తలకి కుండ బోర్లించింది కాలం కాదు, నేను. నా 10 నానోఫారడ్లు.

నాన్నగారి చెవి కరెక్టు. నలుగురు ఆడియోఫైల్ మిత్రులదీ, నాదీ తప్పు.

నాకు కోపమొచ్చేది ఇక్కడే. ఆఫీసులో ఎవడైనా "ఈ లైబ్రరీ తీసేసి ఖరీదైన లైబ్రరీ పెట్టాను, ఫాస్ట్‌గా అనిపిస్తోంది" అని కోడ్ పంపితే మనం ఊరుకుంటామా? ప్రొఫైలర్ రిపోర్టేది, టెస్టులేవి, ముందెంత, తర్వాతెంత అని పీకి పందిరేస్తాం. ఇంటికి రాగానే అదే మనిషి "ఈ కండెన్సర్ వేస్తే గాలి ఆడినట్టుంది, వెన్నెల కురిసినట్టుంది" అంటాడు. ఏమైంది బాబూ నీ ఇంజనీరింగ్? మోకిల టర్నింగ్ దగ్గర దిగిపోయిందా?

అలాగని ఆ సర్క్యూట్ దేవుడిచ్చిందనీ, ముట్టుకోకూడదనీ నేననడం లేదు. దాంట్లో లోపాలున్నాయి, గట్టివే ఉన్నాయి. కానీ అవి కండెన్సర్ బ్రాండులో లేవు. ఎక్కడున్నాయో చెప్తా.

మొదటిది, గెయిన్ చాలదు. రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి ఫీడ్‌బ్యాక్ లేకుండా ఇచ్చేది ఓ 70 డీబీ. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మనకి కావలసింది 40, కాబట్టి అక్కడ బోలెడు మిగులు. కానీ 20 హెర్ట్జ్ దగ్గర ఆర్ఐఏఏ ప్రకారం 59 కావాలి. మిగిలేది పదకొండే. ఆ పదకొండుతో ఫీడ్‌బ్యాక్ ఏం దిద్దుతుంది? లెక్కకడితే అడుగు బాస్‌లో రెండు డీబీల చుట్టుపక్కల లోటు వస్తుంది. బంగారంతో చేసిన కండెన్సర్ పెట్టినా ఈ లోటు తీరదు.

రెండోది, పైన ఊపిరాడదు. ఆ ఆర్ఐఏఏ నెట్‌వర్క్ ఇంపీడెన్స్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర 2.4 కిలోఓమ్‌లకి పడిపోతుంది. దాన్ని నడపాల్సింది రెండో ట్రాన్సిస్టర్. పాపం దాని కలెక్టర్‌లో 4.7 కె, కరెంటు 2 మిల్లీయాంపులు. కింద ఫ్రీక్వెన్సీల్లో ఎనిమిది, తొమ్మిది వోల్టుల పీకు ఇవ్వగలిగేది, అక్కడ నాలుగు వోల్టులకే చేతులెత్తేస్తుంది. ప్లేటు మీద గీత తగిలినప్పుడు వచ్చే "టక్" ఉంది చూశారా, అదంతా పై ఫ్రీక్వెన్సీలే. ప్రీయాంప్ అక్కడ ఉక్కిరిబిక్కిరయితే చిన్న టక్ కాస్తా పెద్ద టప్ అవుతుంది. అప్పుడూ నేరం ప్లేటుదే అంటాం.

రెండింటికీ మందు ఒకటే. మూడో ట్రాన్సిస్టర్. ఒక ఎమిటర్ ఫాలోవర్ పెట్టి, నెట్‌వర్క్‌ని నడిపే బరువు దాని నెత్తిన వెయ్యాలి. రెండోదాని 4.7 కె ని రెండు ముక్కలు చేసి, మధ్యలోకి ఫాలోవర్ అవుట్‌పుట్ నుంచి 100 మైక్రోఫారడ్ల కండెన్సర్ కట్టాలి. దీన్నే బూట్‌స్ట్రాప్ అంటారు. దాంతో ఆ రెసిస్టర్ సిగ్నల్‌కి చాలా పెద్దదిగా కనిపిస్తుంది, గెయిన్ ఓ 20 డీబీ పెరుగుతుంది. 20 హెర్ట్జ్ దగ్గర రెండు డీబీల లోటు పావు డీబీకి దిగుతుంది. గెయిన్ పెరిగింది కాబట్టి ఆసిలేట్ అయ్యే ప్రమాదం ఉంది. రెండోదాని బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య కొద్ది పీకోఫారడ్లు పెట్టి, స్కోప్‌లో చూసుకోవాలి. ముందు ఎల్‌టీస్పైస్‌లో చెయ్యండి, అది ఫ్రీయే. ఇక ఖర్చంటారా? బీసీ 549సీ ఒకటి, రెసిస్టర్లు నాలుగు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళొచ్చే పెట్రోలు డబ్బుల కంటే తక్కువ.

మూడోది, గుర్రు. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఉన్నప్పుడు నాకు ఇది వినపడేది కాదు. మోకిలలో రాత్రి పదయ్యాక అంతా నిశ్శబ్దం, ఇన్వర్టర్ ఆన్ అయితే ప్రీయాంప్ గుర్రు కూడా వినిపిస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్ పవర్ యాంప్ వాడే సప్లైనే పంచుకుంటోంది మరి! దానికి వేరే రెగ్యులేటర్ పెట్టి, ఎర్త్‌లన్నీ ఒకే చోట కలిపితే గుర్రు పోయింది. ఇక సన్నటి బుస వస్తుంటే మొదటి ట్రాన్సిస్టర్ కరెంటు, దాని ఎమిటర్ రెసిస్టర్ చూడండి. కొన్ని సర్క్యూట్లలో ఆ రెసిస్టర్ 1 కె ఉంటుంది, అది స్వయంగా బుస కొడుతుంది. 220 పెట్టుకోవచ్చు. కానీ అప్పుడు నెట్‌వర్క్ మొత్తం అదే నిష్పత్తిలో మార్చాలి. ఒక్కటి మార్చి ఊరుకుంటే నా 10 నానో కథే.

ఇక కేబుళ్ళు. "కేబుల్ మారిస్తే తేడా తెలుస్తోంది" అనేవాళ్ళని నేను ఎగతాళి చెయ్యను. తెలుస్తుంది, నిజం. 500 మిల్లీహెన్రీల కార్ట్రిడ్జ్‌కి కేబులూ ఇన్‌పుట్టూ కలిపి 300 పీకో తగిలితే 13 కిలోహెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్ వస్తుంది, 500 పీకో తగిలితే అది 10కి దిగుతుంది. తేడా పీకోఫారడ్లది. ఆ రాగి ఏ దేశంలో పుట్టిందన్నదానిది కాదు.

ఇప్పుడు మీ అభ్యంతరాలకి వస్తా.

"ఇంత గోల ఎందుకు, ఒక ఆప్‌యాంప్ పెట్టుకోవచ్చుగా?" పెట్టుకోండి. కొత్తగా కట్టేవాళ్ళకి నేను చెప్పేదీ అదే. ఎన్‌ఈ 5532 ఈ రెండు ట్రాన్సిస్టర్ల కంటే అన్నిటా మేలే. కానీ ఆప్‌యాంప్ పెట్టి, నెట్‌వర్క్ తప్పు పెడితే ఏం లాభం? అంతకుముందు అచ్చయిన సర్క్యూట్లు చాలావాటిలో ఆర్ఐఏఏ లెక్కే తప్పని స్టాన్లీ లిప్‌షిట్జ్ 1979లోనే పేపర్ రాసి చూపించాడు. ఇన్నేళ్ళయినా మనం కండెన్సర్ పేరు అడుగుతున్నాం గానీ విలువ అడగడం లేదు.

"పాత కండెన్సర్లు అసలు మార్చకూడదంటావా?" మార్చాలి. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్‌లు మార్చి తీరాలి. అది రిపేరు. ఆర్ఐఏఏ దారిలో చవక సెరామిక్ బిళ్ళలుంటే తీసి పాలీప్రొపిలీన్ వెయ్యాలి, ఎందుకంటే ఆ బిళ్ళల విలువ వోల్టేజీని బట్టీ వేడిని బట్టీ మారుతుంది. రకం ముఖ్యం, విలువ ఇంకా ముఖ్యం. పదిశాతం తప్పు కండెన్సర్ ఒక డీబీకి దగ్గరగా తేడా తెస్తుంది. మల్టీమీటర్‌తో కొలిచి ఏరుకుంటే ఆ తప్పు బాగా తగ్గుతుంది. ఆ పనికి ఖర్చు లేదు. అందుకేనేమో ఎవరికీ గౌరవం లేదు.

"చెవే అంతిమ ప్రమాణం." ఒప్పుకుంటా, నాన్నగారి చెవి మొదటి నిమిషంలోనే పట్టేసింది. కానీ ఆయనకి ఆ గొంతు యాభై ఏళ్ళుగా తెలుసు, సర్క్యూట్ మీద వ్యామోహం లేదు. నాకు అప్పటికే కండెన్సర్ ఖరీదు తెలుసు. డబ్బు పెట్టిన చెవిని నమ్మకూడదు.

"అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా, ఈ ప్లేట్లెందుకు?" అసలు నేనీ టపా రాసిందే దీని కోసం. యూట్యూబ్‌లోకి ఎక్కించింది ఎవరు? మనలాంటివాళ్ళే, ఇలాంటి ప్రీయాంప్‌లతోనే. 78 ప్లేట్లకి ఆర్ఐఏఏ వర్తించదు. 1954కి ముందు కంపెనీకో లెక్క, కాలానికో లెక్క. హెచ్‌ఎంవీ పాత ప్లేట్లలో బాస్ తగ్గింపు 250 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ట్రెబుల్ పెంచడమన్నదే లేదు. దాన్ని ఆర్ఐఏఏలోంచి వింటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డీబీ అన్యాయంగా కోసేసినట్టు. నాన్నగారి పద్యాలు దుప్పటి కప్పుకున్నది అందుకే. పైగా నేను వాడింది ఎల్పీల ముల్లు. 78 గాడి వెడల్పు, దానికి లావు ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు అడుగున దుమ్ములో పొర్లుతుంది. నేను నెట్‌లో విన్న పాత నాటక పద్యాల్లో సగానికి ఇదే దుప్పటి. ఎక్కించినవాళ్ళ ప్రేమని తప్పుపట్టను. కానీ ఆ ప్లేటు రేపు పగిలిపోతే మిగిలేది ఆ దుప్పటి గొంతే. మన మనవళ్ళు అదే ఆ నటుడి గొంతు అనుకుంటారు.

ఈ 78ల కోసం ఇప్పుడు నా ప్రీయాంప్‌లో ఒక స్విచ్చు పెట్టాను. దాన్ని నొక్కితే 18 కె, 4.17 నానో జత పోయి, దాని చోట ఒట్టి 53 కె వస్తుంది. బాస్ మలుపు 250కి వస్తుంది, ట్రెబుల్ కోత పోతుంది. ఒక స్విచ్చు, ఒక రెసిస్టర్. ఆరు నెలల ముందు ఈ పని చేసుంటే పద్దెనిమిది ప్లేట్లు ఇంట్లో ఉండేవి.

15 నానో మళ్ళీ వేశాక, మూడో ట్రాన్సిస్టర్ పెట్టాక, నాన్నగారిని మళ్ళీ కూర్చోబెట్టాను. అదే ఎల్పీ. ఈసారి మధ్యలో మాట్లాడలేదు. పక్క అయిపోయాక "ఇది అరగలేదురా" అన్నారు. 78ల సంగతి ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

కాబట్టి అయ్యలారా, మూడే విన్నపాలు. ప్రీయాంప్ ముట్టుకునే ముందు కొలవండి, ముట్టుకున్నాక మళ్ళీ కొలవండి. పాత ప్లేట్లు డిజిటల్ చేస్తుంటే ఏ కర్వ్, ఏ ముల్లు వాడారో ఫైలు పక్కనే రాసిపెట్టండి, తర్వాతివాళ్ళు దిద్దుకుంటారు. కొలిచి చూసేదాకా ఏ ప్లేటునీ అరిగిందని పారెయ్యకండి.

ఇక నన్ను తిట్టదల్చుకున్నవాళ్ళు తిట్టొచ్చు. కండెన్సర్ పేరుతో కాదు, గ్రాఫుతో రండి.